ఎర్ర చీటీ ఎలుకలు

ఫిబ్రవరి 3, సోమవారం

నా పేరు తీసేశారు.

తీసేయడం కాదు, అసలు పెట్టనే లేదు. తీసేశారు అంటే ముందు ఉన్నట్టు అర్థం వస్తుంది. కోపంలో కూడా తప్పు రాయకూడదు కాబట్టి దిద్దుతున్నాను. నా పేరు పెట్టలేదు.

పద్మశ్రీ మేడమ్ పరిశోధన వ్యాసం ప్రూఫు వచ్చింది. ప్రింటరు దగ్గర మరిచిపోయి వెళ్లింది. కాగితం కనబడితే చదవకుండా వదిలే అలవాటు నాకు లేదు, చదివాను. చివరి పేజీలో కృతజ్ఞతలు. పదకొండు మందికి. యాజమాన్యానికి, ప్రిన్సిపాలుకి, గైడు సాయిప్రసాద్ సారుకి, పెట్టెలకు రాగి తీగ చుట్టి ఇచ్చిన మోటారు మెకానిక్కుకి, చివరికి ఎలుకల మేత పంపిన హైదరాబాదు కంపెనీకి కూడా. మేత బస్తాకు కృతజ్ఞత ఉంది. ఆ బస్తాను గేటు నుంచి మూడో అంతస్తు దాకా వీపు మీద మోసినవాడికి లేదు.

పేరు మీద ఇంత యావ ఏమిటని నన్ను నేనే అడిగాను. జవాబు సిద్ధంగా ఉంది. కడపలో మందులు పరీక్షించే కొత్త ల్యాబులో ఎలుకలను చూసుకునే ఉద్యోగం పడింది. మార్చి 3న ఇంటర్వ్యూ. మూడేళ్ల అనుభవానికి రుజువు తెమ్మన్నారు. ఈ కర్నూలు కాలేజీలో మూడేళ్లుగా ఎలుకల గది చూసేది నేనే. కానీ కాంట్రాక్టరు హాజరు పట్టీలో నేను తోటమాలిని. ఈ కాలేజీలో తోట లేదు. రెండు వేపచెట్లు ఉన్నాయి, అవి నాతో ఏ సంబంధమూ లేకుండా పెరిగాయి. కాబట్టి నేను ఎలుకల మనిషినని చెప్పే కాగితం లోకంలో ఒక్కటే ఉండగలదు. అది ఆ వ్యాసం. అందులో నేను లేను.

ఫిబ్రవరి 4

కోపం తగ్గలేదు. నీళ్ల సీసాలు బిగించేటప్పుడు రెండు పగిలాయి. పుస్తకంలో "ఎలుకలు కొరికినవి" అని రాశాను. గాజు సీసాలు.

ఫిబ్రవరి 5

మేడమ్‌తో మాట్లాడాల్సినవి కాగితం మీద పెట్టుకున్నాను. నాలుగు పేజీలయ్యాయి. ఇంటర్ తప్పినవాడికి నాలుగు పేజీల కోపం ఎక్కువే. "శ్రమ దోపిడీ" అనే మాట మూడుసార్లు వచ్చింది. రెండు కొట్టేశాను. మూడోదాన్ని ఎక్కడ ఊపిరి తీసుకుని ఎక్కడ అనాలో ఎలుకల ముందు నిలబడి అభ్యాసం చేశాను. అవి శ్రద్ధగానే విన్నాయి. మేత తెచ్చానేమో అనుకుని ఉంటాయి.

ఫిబ్రవరి 6

స్టాఫ్ రూములో మేడమ్ ఒక్కతే చపాతీలు తింటోంది. లోపలికి పోయి నిలబడ్డాను.

"ఏమి దాదా, నిలబడుకోనే ఉండావు? కూచో."

"కూచునేకి రాలేదు మేడమ్."

"మరి?"

"మీ పేపర్లో నా పేరు యాడుండాది?"

చపాతీ ముక్క గిన్నెలో పెట్టేసింది. "లేదా?"

"మోటారు రిపేరాయన ఉండాడు. మేత బస్తా ఉండాది. నేను లేను."

"అయ్యో. ఆ లిస్టు సారు రాసిచ్చినాడు, నేను సరిగా చూసుకోలేదు. నువ్వు లేకుంటే ఆ ముప్పై దినాలు ఎవరు చేద్దురు?" సంచిలోంచి పెన్ను తీసింది. "తప్పులు దిద్ది పంపేకి ఇరవై నాలుగో తేదీ దాకా టైముంది. పెడతా. పూర్తి పేరు చెప్పు."

"షేక్ దాదా ఖలందర్."

"కోసిగి కదా మీది?"

"ఊరు కూడా వేస్తారా?"

"వెయ్యరు. ఊరికే అడిగినా."

అంతే. నాలుగు పేజీల్లోంచి ఒక్క వాక్యం కూడా వాడుకోనివ్వలేదు. పైగా ఒక చపాతీ తినమంది, తిన్నాను. మేడమ్‌ది రాయచోటి, వాళ్ల ఉర్లగడ్డ కూర బాగానే ఉంది. తిన్న తరువాత కోపంగా వెళ్లిపోవడం ఎట్లాగో తెలియక "వస్తా మేడమ్" అని మామూలుగానే వచ్చేశాను. వరండాలో వాటర్ కూలరును ఒక తన్ను తన్నాను. కాలి వేలు వాచింది.

ఫిబ్రవరి 8, శనివారం

అమ్మ ఫోను చేసింది. మా కోసిగి కూలీల ముఠాతో సుగ్గికి, అంటే కోతల వలసకు పోయి నెలన్నర అయింది. గుంటూరు వైపు మిరపకాయలు కోస్తున్నారు. ఫోను మేస్త్రీది, అందుకే మా అమ్మ లాల్ బీ మాట్లాడితే ముఠా అంతా వింటుంది.

"బుక్కులో నా పేరు పడతాంది మా."

"ఏం చేసినావురా?"

"కరెంటు తీగల కింద ఉండే జీవాలకు భయం పెరుగుతాదా లేదా అని చూసినాం. ఎలకల మీద."

"ఎలకకు భయముంటాదా అని చూసేకి అంత పెద్ద కాలేజీనా?" వెనక నలుగురు నవ్వారు.

"భయముందా అని కాదు మా. ఎంత పెరిగింది అని."

"ఎంత పెరిగిందంట?"

"శానా పెరిగిందని రాసినారు."

"ఈడ మా గుడిసెల మీదనే పోతాయిరా పెద్ద తీగలు. గుయ్యిమంటాంటాయి ఎప్పుడు చూసినా."

"దూరంగా ఉండండి మా," అన్నాను. గొంతు బరువుగా పెట్టి అన్నాను. పుస్తకంలో పేరు పడబోయేవాడు ఎట్లా అంటాడో అట్లా.

తరువాత తన సంగతులు చెప్పింది. ఈ రోజు తనకు కంప పక్క సాలు పడిందట, చేతులు గీరుకుపోయాయట, రేపు మారుతుందట. ఆ మాటతో నాకు నా గొప్పతనం గుర్తొచ్చింది. పదో తరగతి దాకా ఏటా నేనూ సుగ్గికి పోయినవాణ్ణే. చేను అంచున ముళ్లకంప పక్కనుండే సాలు ఎవరికీ వద్దు. అందుకని మా ముఠాలో దానికి వంతులు. ఎవరి మీదా రెండు రోజులు వరసగా పడదు, మేస్త్రీ పెళ్లామైనా సరే. ఎలుకల విషయంలో నేనూ అదే చేశానని అమ్మకు చెప్పాను.

పోయిన వానాకాలం మాట. ఇరవై నాలుగు తెల్ల ఎలుకలు. పన్నెండింటి బోనులకు ఎర్ర చీటీ, అంటే వీటికి కరెంటు. పన్నెండింటికి తెల్ల చీటీ, అంటే వీటికి లేదు. రాగి తీగ చుట్టిన పెట్టెలు రెండు, అచ్చం ఒకేలా ఉంటాయి. ఒకదానికి స్విచ్ వేస్తాం. తీగలో కరెంటు పారితే పెట్టెలో హైటెన్షన్ లైను కింద ఉండేలాంటి అయస్కాంత క్షేత్రం పుడుతుంది. రెండోది ఉత్త పెట్టె. పొద్దున పదికి ఎలుకలను పెట్టెల్లో పెట్టేది నేను, రెండింటికి తీసేది నేను, స్విచ్ నేను, రిజిస్టరు నేను.

ఐదు రోజులు చెప్పినట్టే చేశాను. ఆరో రోజు ఎర్ర చీటీ వాటిని చూస్తే మనసు ఒప్పలేదు. ఎప్పుడూ వీళ్ల మీదే ఎందుకు పడాలి? ఆ రోజు నుంచి వంతులు పెట్టాను. ఒక రోజు ఎర్రవి కరెంటు పెట్టెలో, మరుసటి రోజు తెల్లవి. మొదటి ఐదు రోజులు ఎర్రవాటికి ఎక్కువయ్యాయి కదా, అందుకని చివరి ఐదు రోజులూ తెల్లవాటికే ఇచ్చాను. తలా పదిహేను రోజులు. రిజిస్టరులో మాత్రం మేడమ్ చెప్పినట్టే రాశాను.

"మంచి పని చేసినావు నాయనా," అంది అమ్మ. "ఒకరి మీదనే ఎందుకు పడల్ల."

మేడమ్‌కు చెప్పలేదు. చెప్పే సందర్భం రాలేదు. చిన్న విషయం.

ఫిబ్రవరి 9

ఆదివారం. నా పేరు ఏ చోట పడుతుందో, చుట్టుపక్కల ఏముందో చూద్దామని వ్యాసం మొత్తం చదివాను. ఫోనులో ఒక్కో వాక్యం తెలుగు చేసుకుంటూ. ఐదు గంటలు పట్టింది.

భయాన్ని కొలిచే పద్ధతి గురించి బాగా రాశారు. ప్లస్ గుర్తు ఆకారంలో చెక్క బల్ల, నేల నుంచి నడుమెత్తు. రెండు చేతులకు గోడలుంటాయి, రెండింటికి ఉండవు. ఎలుకను మధ్యలో వదిలి ఐదు నిమిషాలు చూడాలి. ధైర్యమున్నది గోడలు లేని వైపు పోయి కిందికి తొంగి చూస్తుంది. భయమున్నది గోడల మధ్యే నక్కుతుంది. తెల్ల చీటీ ఎలుకలు సగటున తొంభై ఆరు సెకన్లు బయట తిరిగాయట. ఎర్ర చీటీవి ముప్పై ఎనిమిది. కాబట్టి విద్యుదయస్కాంత క్షేత్రం వల్ల ఆందోళన పెరుగుతుందని తేలింది అని రాశారు.

అక్కడ ఆగాను.

రెండు రకాలకూ కరెంటు సమానంగా పడింది. ఇంకా చెప్పాలంటే పరీక్షకు ముందు ఐదు రోజులూ కరెంటు పెట్టెలో ఉన్నవి తెల్లవే. మరి తేడా ఎక్కడి నుంచి వచ్చింది? ఒక్కటే దారి. మేడమ్ అంకెలు కల్పించింది.

ఇది తట్టగానే నాకు కలిగిన సంతోషం రాయడానికి సిగ్గుగా ఉంది. కోపానికి మళ్లీ పని దొరికింది.

ఫిబ్రవరి 10

మధ్యాహ్నం అందరూ భోజనానికి పోయినప్పుడు పరీక్షనాటి అసలు రిజిస్టరు బీరువాలోంచి తీశాను. దొంగ అంకెలు రాసిన చెయ్యి ఎవరిదో పట్టుకుందామని.

చెయ్యి నాది. అప్పుడు మేడమ్ బల్ల దగ్గర నిలబడి "బయట, లోపల, బయట" అని చెప్పేది. స్టాప్‌వాచ్ నొక్కింది నేను, రాసింది నేను. ఇరవై నాలుగు వరసలు, నా వంకర ఏడులతో సహా. ఒక్క కొట్టివేత లేదు. సగటు నేను కూడా తీశాను. తొంభై ఆరు. ముప్పై ఎనిమిది.

ఆ ఎలుకలు నిజంగానే భయపడ్డాయి.

ఫిబ్రవరి 11

ఒంట్లో బాగాలేదు, సెలవు కావాలన్నాను. తోటమాలికి ఎండాకాలంలో సెలవేమిటి, నీళ్లు ఎవరు పడతారు అన్నాడు కాంట్రాక్టరు.

ఫిబ్రవరి 12

మహాదేవమ్మక్క బోనులు కడిగే మనిషి. నాకంటే ముందు నుంచి ఉంది. హాజరు పట్టీలో ఆమె ఏమిటో ఆమెకూ తెలియదు. కుళాయి దగ్గర కూర్చుని వరిపొట్టు దులుపుతుంటే పక్కన కూర్చున్నాను.

"అక్కా, వానల్లో పెట్టెల్లో పెట్టిన ఎలకలు జ్ఞాపకముండాయా నీకు?"

"ఎర్ర చీటీవా, తెల్ల చీటీవా?"

"రెండూ. వాటిల్లో ఏమన్నా తేడా కనపడిందా?"

"వాటిల్లో ఏముంటాదప్పా. తేడా నీలో ఉండె."

"నాలోనా?"

"తెల్ల చీటీవాటిని దోసిట్లో పట్టుకుంటాంటివి. ఒకదాన్ని జేబులో ఏసుకోని మెట్లు దిగినావు. నేను చూల్లేదనుకుంటివా? ఎర్ర చీటీవైతే ఆ లైన్‌మన్ల నల్ల గ్లౌజులు తొడుక్కోని, తోక పట్టుకోని, ఇంత దూరంగా..." ఒక తడిగుడ్డను రెండు వేళ్లతో పట్టుకుని చెయ్యి సాచి చూపించింది. మొహం పక్కకు తిప్పుకుంది. నేను అట్లా తిప్పుకునేవాణ్ణేమో. "పాము సచ్చిందో లేదో తెలీనోడు ఎత్తినట్లు."

"అది రూలక్కా."

"ఏం రూలు? మేడమ్ ఉత్త చేతుల్తోనే పడుతుండె గదా."

"మేడమ్ సంగతి వేరే."

"ఆయమ్మకు పెండ్లయింది, అందుకా?" అని నవ్వింది. ఆ ముక్క ఈమెకు ఎవరు చెప్పారో తెలియదు. నేనే చెప్పి ఉంటాను.

ఫిబ్రవరి 13

గ్లౌజులు రూలే.

ఫిబ్రవరి 14

రూలు పుస్తకం చూశాను. లేదు.

ఇక రాసేయాలి. ఇది నేను తప్ప ఎవరూ చదవరు కాబట్టి ఇక్కడ కూడా బొంకితే నా అంత వెధవ ఉండడు.

మొదటి రోజు స్విచ్ వేయగానే పెట్టె సన్నగా గుయ్యిమంది. రెండింటికి తీసేటప్పుడు చెయ్యి లోపల పెడితే వెంట్రుకలు లేచినట్టు అనిపించింది. లేచాయో, నేనే లేపుకున్నానో. ఎలుకల ఒంట్లో కరెంటు నిలిచిపోతుందని, పట్టుకుంటే నాలోకి దిగుతుందని, పెళ్లి కావాల్సినవాణ్ణని, రేపు ఏమన్నా అయితే ఎవరు బాధ్యులని, ఇన్ని ఆలోచనలు మెట్లు దిగేలోపు వచ్చాయి. ఆ సాయంత్రమే పాత బస్టాండు దగ్గర కరెంటు సామాన్ల అంగట్లో నల్ల రబ్బరు గ్లౌజులు కొన్నాను. మోచేతుల దాకా వస్తాయి. వాటితో ఎలుకను మెత్తగా పట్టుకోవడం కుదరదు. తోక పట్టుకుని ఎత్తడం ఒక్కటే కుదురుతుంది.

సరే, భయపడ్డాను. అది ఐదు రోజుల ముచ్చట. ఆరో రోజు నుంచి వంతులు పెట్టాను కదా. అప్పుడు తెల్లవాటి ఒంట్లోనూ కరెంటు ఉన్నట్టే. నా తెలివి ప్రకారమే పోయినా అన్నింటికీ గ్లౌజులు వేయాలి, లేదా అన్నింటికీ మానేయాలి. నేను చేసింది ఏమిటి? చీటీ ఎర్రగా కనిపిస్తే చెయ్యి గ్లౌజులోకి పోయేది. తెల్లగా కనిపిస్తే పోయేది కాదు. కరెంటు ఎవరి వంతో నా బుర్రకు రోజూ తెలుసు. నా చేతికి ఒక్కరోజూ తెలియలేదు. అది చీటీ రంగు చూసి భయపడింది.

ముప్పై రోజులు, రోజుకు రెండుసార్లు, పన్నెండు ప్రాణాలను తోకతో గాల్లో వేలాడదీశాను. తరువాత బల్ల మీద వదిలి అవి గోడల చాటున ఎంతసేపు నక్కుతున్నాయో సెకన్లలో రాసుకున్నాను. రోజూ నన్నెవరైనా అట్లా వేలాడదీస్తే నేను బల్ల మీదకే రాను.

క్షమాపణ చెబుదామంటే ఒక్కటి లేదు. మెదడు చూడాలని పరీక్ష కాగానే అన్నింటినీ చంపారు. నాకు ఆ రోజు చాలా కోపం వచ్చింది. మేడమ్ మీద.

ఫిబ్రవరి 15

ఒక ప్రయోగం మొదలుపెట్టాను. ఇక్కడే పుట్టిన ఎలుకలు ఎనిమిది ఉన్నాయి, ఏ పనికీ కేటాయించనివి. పెట్టె లేదు, రాగి తీగ లేదు, కరెంటు లేదు. నాలుగింటిని దోసిట్లో పట్టుకుంటాను. నాలుగింటిని గ్లౌజులతో, తోక పట్టుకుని. రోజుకు రెండుసార్లు, వారం రోజులు. అనుమతి అడగలేదు. తోటమాలికి ఎలుకల మీద ప్రయోగానికి అనుమతి ఎవరిస్తారు?

ఫిబ్రవరి 16

ఇప్పుడు భయం లేకుండా గ్లౌజులు తొడగడం కష్టంగా ఉంది. ఉక్క.

ఫిబ్రవరి 18, మంగళవారం

మేడమ్ దిద్దిన పేజీ తెచ్చి చూపించింది. పన్నెండో పేరు. "ప్రయోగ జంతువుల సంరక్షణలో మూడేళ్లుగా అంకితభావంతో సేవలందిస్తున్న షేక్ దాదా ఖలందర్‌కు." ఇంగ్లీషులో. అంకితభావం అనే మాటకు ఫోనులో అర్థం చూసి మళ్లీ చదివాను. మళ్లీ చదివాను.

"మూడేండ్లని కూడా ఏసినా. నీ ఇంటర్వ్యూకి పనికొస్తాది," అంది.

ఇంటర్వ్యూ సంగతి ఆమెకు ఎప్పుడు చెప్పానో గుర్తు లేదు. ఆమెకు మాత్రం గుర్తుంది. ఆ క్షణంలో చెప్పేయాలనుకున్నాను. నోట్లోంచి వచ్చింది "థ్యాంక్స్ మేడమ్" అని.

కృతజ్ఞతల పేజీ, ఏం తేలిందో రాసిన ముందు పేజీ కలిపి ఫొటో తీసి మేస్త్రీ ఫోనుకు పంపాను, అమ్మకు చూపించమని. ఎనిమిది పిల్ల ఎలుకలతో ఏం తేలుతుంది? పెద్ద పెద్ద వాళ్లు చదివి ఒప్పుకున్న వ్యాసం. రేపటి నుంచి ఆ పిచ్చి ప్రయోగం ఆపేస్తాను.

ఫిబ్రవరి 19

ఆపలేదు. మొదలుపెట్టిన పని కదా.

ఫిబ్రవరి 20

మధ్యాహ్నం అమ్మ ఫోను.

"చేను రైతుకు ఇంగ్లీషు వచ్చురా, నీ బుక్కు చదివి అందరికీ చెప్పినాడు. కరెంటు తీగలతో భయం పుడతాదంట గదా. మేస్త్రీ అప్పుడే గుడిసెలు పీకమన్న్యాడు. కాలవ పక్కకు మార్చుకున్న్యాం."

"కాలవ పక్కనా? తేమ ఉండదా మా?"

"ఉండాది. దోమలు కూడా. ఏం చేస్తాం, ఆ తీగల కింద ఉండేకంటే మేలు గదా. నాకైతే చేన్లో కూడా ఆ గుయ్యిమనేది ఇంటే గుండె దడదడ కొట్టుకుంటాందిరా. రాత్రిళ్లు కన్ను మూతపడదు. నెలన్నర ఆ తీగల కిందనే పండుకుంటి, ఎప్పుడూ లేదు. నువ్వు చెప్పినాకనే తెలిసింది."

"మా, అది అంత కచ్చితంగా..."

"నా కొడుకు కనుక్కున్న్యాడని అందరికీ చెప్తాండా. మేస్త్రీ పెండ్లాం కూడా నాకు కుర్చీ ఏస్తాంది ఇప్పుడు."

ఫోను పెట్టేశాను. కుర్చీ ఒకటి వేశారు కదా, దాన్ని ఎట్లా లాగేది.

ఆ తీగలు మంచివని నాకు తెలియదు. చెడ్డవని కూడా తెలియదు. మా వ్యాసానికీ తెలియదు. తెలిసింది ఒక్కటే. కర్నూలులో కూర్చుని గుంటూరు చేలో ఉన్న మా అమ్మను తోక పట్టుకుని ఎత్తాను.

ఫిబ్రవరి 22, శనివారం

పరీక్ష. మధ్యాహ్నం సెలవు కాబట్టి కాలేజీలో ఎవరూ లేరు. ఏ ఎలుక ఎవరిదో తెలిసినవాడు స్టాప్‌వాచ్ ముట్టుకోకూడదని ఇప్పుడు తెలుసుకున్నాను, ఆరు నెలలు ఆలస్యంగా. అందుకే వాచీ మహాదేవమ్మక్కకు ఇచ్చాను. నేను చీటీలు మడిచేసి, వరసలు కలిపేసి బోనులు తలుపు దగ్గర పెట్టి వరండాలో నిలబడ్డాను. ఆమే తీసి, ఆమే వదిలి, ఆమే నొక్కింది.

"ఇది గోడల మధ్యకు పోయెనప్పా. నొక్కేదా?"

"బయట ఉన్నప్పుడే నడవల్ల వాచీ. లోపలికి పోతే ఆపు."

"తల బయట, తోక లోపల. ఇదేం లెక్క?"

"నాలుగు కాళ్లూ బయటుంటేనే బయట."

"ఆ, ఇది మా ఆయన మాదిరే ఉండాది. సగం ఇంట్లో, సగం వీధిలో."

ఎనిమిదింటికీ గంట పట్టింది. తరువాత చీటీలు విప్పి చూశాను. దోసిట్లో పెరిగినవి సగటున తొంభై ఒకటి. గ్లౌజులవి ముప్పై నాలుగు.

మహాదేవమ్మక్క నా మొహం చూసింది. "ఏమొచ్చింది?"

"నువ్వు చెప్పిందే వచ్చింది."

"నేనేం చెప్పినా?"

ఆమెకు గుర్తు కూడా లేదు. వరిపొట్టు చిమ్ముకుంటూ పోయింది. మా సారు, మేడమ్, నేను, రాగి తీగ, మోటారు మెకానిక్కు, ఇంతమందిమి కలిసి కనుక్కోలేనిదాన్ని కుళాయి దగ్గర గుడ్డ పట్టుకుని చూపించిన మనిషి. వ్యాసంలో ఆమె పేరు కూడా లేదు. అది నాకు ఈ రోజు దాకా తట్టనే లేదు. పదకొండు పేర్లూ వేలు పెట్టి చదివినవాణ్ణి.

చెబితే ఏమవుతుందో తెలుసు. వ్యాసం ఆగుతుంది. దానితో పాటు నా మూడేళ్లూ, నా అంకితభావమూ ఆగుతాయి. మార్చి 3న ఉత్త చేతులతో పోవాలి. మేడమ్ డిగ్రీ ఏడాది వెనక్కి పోతుంది. ఆమె నన్ను కసురుకుని ఉంటే, పేరు పెట్టనని మొండికేసి ఉంటే, ఈ పని ఎంత సుఖంగా ఉండేది. మంచి మనుషులతో కొట్లాట చాలా కష్టం. చపాతీ అప్పుడే తినకుండా ఉండాల్సింది.

చెప్పకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. అమ్మ కాలవ పక్కనే పడుకుంటుంది.

ఫిబ్రవరి 23, ఆదివారం

పొద్దున అమ్మకు ఫోను చేసి చెప్పాను. కరెంటు వల్ల కాదు, నేను ఎలుకలను బెదరగొట్టాను, అంకెలన్నీ చెడిపోయాయి అని.

"అయితే కుర్చీ?" అంది.

"నువ్వే ఇచ్చేయల్ల మా."

"చూద్దాంలే," అంది. గుడిసెల సంగతి మేస్త్రీని అడుగుతానంది. నమ్మిందో లేదో తెలియదు. ఎత్తినంత సులువుగా దించలేం.

రేపు పొద్దున మేడమ్ చేతికి ఇచ్చే ఉత్తరం. నోటితో చెబితే నాకు ఏం జరుగుతుందో చూశాను కాబట్టి రాస్తున్నాను. మంచి కాగితం మీదికి ఎక్కించే ముందు ఇక్కడ.

"మీ పేపరు తప్పు. తప్పు చేసింది నేను.

ముప్పై రోజుల్లో మీరు చెప్పినట్టు చేసింది మొదటి ఐదు రోజులే. తరువాత ఎర్ర చీటీ ఎలుకలకూ తెల్ల చీటీ ఎలుకలకూ వంతులు వేసి కరెంటు సమానంగా పంచాను. రిజిస్టరులో దొంగ రాత రాశాను. అది న్యాయమనుకున్నాను. కాబట్టి మీరు కొలిచిన తేడా కరెంటుది కాదు. ఎర్ర చీటీవాటిని నేను లైన్‌మన్ గ్లౌజులతో తోక పట్టుకుని ఎత్తాను, నాకు భయం కాబట్టి. తెల్లవాటిని చేతుల్లో ఎత్తాను. ఆ తేడా నాది. కరెంటే లేకుండా ఎనిమిది ఎలుకల మీద మళ్లీ చేసి చూశాను, దాదాపు మీ అంకెలే వచ్చాయి. మీ అనుమతి లేకుండా చేశాను, దానికి ఏం చేస్తారో చేయండి. కాగితాలు ఇందులో పెడుతున్నాను. వాచీ పట్టింది మహాదేవమ్మ. ఆమె పేరు రాసి పెట్టుకోండి.

రేపు ఆ ప్రూఫు పంపవద్దు. వ్యాసం వెనక్కి తీసుకోండి. మళ్లీ చేయండి. ఈసారి చీటీలు మూసేసి ఉండాలి, ఎలుకలను ఎత్తేవాడికి ఏవి ఏవో తెలియకూడదు. అన్నింటినీ ఒకే చెయ్యి ఒకేలా పట్టుకోవాలి. ఆ చెయ్యి నాదే కావాలని నేను అడగను. పరీక్ష అయ్యాక మెదడు కోయకండి. మీరు అడిగిన ప్రశ్నకు మెదడుతో పని లేదు. కరెంటు నిజంగానే భయం పుట్టిస్తుందేమో నాకు తెలియదు. పుట్టిస్తే అప్పుడు రాయండి, నేనే మేత మోస్తాను.

నేను కడప ఇంటర్వ్యూకు కాగితం లేకుండా పోతాను. మూడేళ్లు ఏం చేశావని అడిగితే ఇదే చెబుతాను. సాయిప్రసాద్ సారుకు మీరు చెప్పలేకపోతే నేను చెబుతాను, మీరు పక్కన నిలబడితే చాలు.

రేపు సోమవారం మధ్యాహ్నం పన్నెండు లోపల, పంపడం ఆపారో లేదో నాకు రాసి ఇవ్వండి. నోటి మాట వద్దు, మీ నోటి మాటకు నేను మెత్తబడతాను. పన్నెండు దాటి ఐదు నిమిషాలైతే జర్నల్ వాళ్లకు నేనే రాస్తాను, ఇంగ్లీషులో. నా ఇంగ్లీషు ఎట్లుంటుందో మీకు తెలుసు. కాలేజీ పరువు కోసమైనా పన్నెండు లోపల జవాబు ఇవ్వండి."